సందు దాటిన వేడి

ఆ రోజు నా సంచిలో రెండు జవాబులు ఉన్నాయి. గోదాంలో లేచిన మంట వేడి సందు దాటి ఎదుటి దుకాణాన్ని అంటించలేదని ఒకటి. అంటించి ఉండవచ్చని రెండోది. నేను మొదటిదే చెప్పాను. రెండోది ఉందన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి అబద్ధం ఆడినట్టు కాదని చాలా ఏళ్లు నన్ను నేను సముదాయించుకున్నాను.

అగ్నిప్రమాదాలను కంప్యూటర్‌లో లెక్కగట్టడం నా వృత్తి. ఇరవై ఆరేళ్లు అదే చేశాను. యాభై రెండేళ్లకే మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు అనుభవాలు రాయమని అడిగారు. ఏ పదవి ఎప్పుడు వచ్చిందో, ఏ సదస్సులో ఏం చదివానో రాయను. అవి ఎవరికీ పనికిరావు. ఒక మనిషికి నా లెక్క ఏం చేసిందో రాస్తాను.

మీటర్‌ను ఎన్నిసార్లు తుడిచావు

నా మొదటి పై అధికారి మూర్తి గారు. ఊరి చివర ఒక ప్రయోగశాలలో ఆయన దగ్గర పని నేర్చుకున్నాను. పెరట్లో ఇనుప పళ్లెంలో కిరోసిన్ పోసి మండించేవాళ్లం. మంటలో వేడి కొలిచే సన్నని తీగలు, పక్కన పది అడుగుల దూరంలో వేడి తాకిడిని కొలిచే మీటర్. మంట తాకకుండానే దూరంలో ఉన్న వస్తువుకు వేడి చేరుతుంది కదా, నాన్ రొట్టెలు కాల్చే బట్టీ ముందు నిలబడితే మొహానికి తగిలినట్టు. దాన్నే వికిరణం అంటారు. తీగలు చూపిన ఉష్ణోగ్రతను బట్టి మీటర్ దగ్గరికి ఎంత వేడి చేరాలో లెక్కగట్టమన్నారు. నా లెక్క మీటర్ చూపిన దాంట్లో సగమే వచ్చింది. మీటర్ చెడిపోయిందనుకున్నాను.

"ఎన్నిసార్లు తుడిచావయ్యా దాన్ని?" అని అడిగారు మూర్తి గారు.

"మూడుసార్లు సార్."

"నీ లెక్కను మాత్రం ఒక్కసారీ తుడవలేదు."

ఆయన సుద్దముక్కతో సిమెంటు నేల మీద ఆరు, పద్నాలుగు అని రాశారు. "మంట కుదురుగా ఉండదు. సుడులు తిరుగుతుంది. ఒక క్షణం నీ తీగ మంటలో ఉంటుంది, మరుక్షణం దానికంటే చల్లటి గాలిలో ఉంటుంది. కెల్విన్‌లో ఒకసారి పద్నాలుగు వందలు అనుకో, ఒకసారి ఆరు వందలు. సగటు ఎంత?"

"వెయ్యి సార్."

"సున్నాలు వదిలెయ్. పది. వికిరణం ఉష్ణోగ్రతతో సమానంగా పెరగదు, దాని నాలుగో ఘాతంతో పెరుగుతుంది. పదికి ఎంత?"

"పదివేలు."

"ఇప్పుడు ఆరుకు విడిగా చెయ్యి, పద్నాలుగుకు విడిగా చెయ్యి. ఆ రెంటికీ సగటు తీయి."

కాగితం మీద చేశాను. పందొమ్మిది వేల ఎనిమిది వందల యాభై ఆరు వచ్చింది. దాదాపు రెట్టింపు.

"నీ సగం ఎక్కడ పోయిందో చూశావా? ముందు సగటు తీసి తర్వాత ఘాతం వేశావు. మంట అలా చేయదు. మండిన క్షణాల్లోనే కావలసినంతా ఇచ్చేస్తుంది."

నిజం మంటలో లెక్క ఇంత చక్కగా కుదరదు. మసి ఉంటుంది, నల్లటి పొగ కొంత వేడిని అడ్డుకుంటుంది, ఒక్కోచోట ఒక్కో తీరు. కానీ ఈ పనిలో అసలు చిక్కు ఇదే. మంట అల్లాడటం వేరు, వేడి ప్రసరించడం వేరు అని విడదీసి లెక్కగడితే వచ్చే జవాబు తక్కువగా ఉంటుంది, అదీ ప్రమాదాన్ని తగ్గించి చూపే వైపే ఉంటుంది. ఈ పాఠం నేను మరిచిపోయి తప్పు చేశానని చెప్పగలిగితే నాకు కొంత ఊరటగా ఉండేది. మరిచిపోలేదు.

గళ్లు, రంగులు

తర్వాత ఒక ప్రైవేటు సంస్థలో చేరాను. అక్కడ పళ్లెం లేదు, కిరోసిన్ లేదు. గదిని కంప్యూటర్‌లో చిన్న చిన్న గళ్లుగా కోస్తాం. ప్రతి గడిలో గాలి ఎటు పోతుంది, ఎంత వేడెక్కుతుంది అని ప్రోగ్రాం లెక్కగడుతుంది. ఒక్కో గడి అడుగు పొడవు ఉండేది. అడుగు గడిలో నాలుక చాచిన మంటా ఉంటుంది, దాని పక్కన చల్లటి గాలీ ఉంటుంది. ప్రోగ్రాంకు ఆ రెండూ కనిపించవు. దానికి కనిపించేది ఒక్క సగటు. అంటే నేను కిరోసిన్ పళ్లెం దగ్గర చేసిన తప్పునే అది లక్ష గళ్లలో చేస్తుంది.

దీనికి ఒక విరుగుడు ఉంది. ఫలానా సరుకు మండితే పుట్టిన వేడిలో ఇంత వంతు వికిరణంగా పోతుందని ప్రయోగాల్లో కొలిచిన అంకె ఒకటి ఇస్తాం. ప్రోగ్రాం తన లెక్కను ఆ అంకెకు తగ్గట్టు సర్దుకుంటుంది. మోటు పద్ధతే. కానీ సర్దకపోవడం కంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

అక్కడ నా పై అధికారి రాఘవరావు గారు. చెడ్డ మనిషి కాదు. మా నాన్న పోయినప్పుడు మాదన్నపేటలోని మా ఇంటికి వచ్చి, పాడె వెంట శ్మశానం దాకా చెప్పులు లేకుండా నడిచారు. అయితే ఆయనకు రిపోర్టు అంటే ఒక పేజీ, ఒక బొమ్మ, ఒక జవాబు. ఒకసారి పాతబస్తీలో పెళ్లిళ్ల హాలుకు లెక్క చేశాను. మెట్ల దగ్గర పొగ వేడి ఎక్కువగా వచ్చింది. బొమ్మలో మెట్లంతా ఎర్రగా ఉంది. హాలు యజమాని తెర మీద వేలు పెట్టి, "ఇంజనీర్ సాబ్, జర లాల్ కమ్ కర్‌దో నా" అన్నాడు. ఆ ఎరుపు కాస్త తగ్గించమని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత రంగుల కొలబద్ద పై హద్దును పెంచాను. అంకెలు మారలేదు, ఎరుపు మాత్రం పసుపైంది. ఆ హాలులో ఇప్పటిదాకా ఏమీ జరగలేదు. అందుకే అది తప్పని నాకు తట్టలేదు.

బొమ్మలను నమ్మకండి. ముఖ్యంగా మీరు గీసినవాటిని.

పన్నెండు అడుగుల సందు

పాతబస్తీలో పురానాపూల్ దగ్గర ఒక సందు. పన్నెండు అడుగుల వెడల్పు. ఒకవైపు గోదాం, అందులో ప్లాస్టిక్ కుర్చీలు, ఫోమ్ పరుపుల షీట్లు. ఎదురుగా ఖాసిం భాయ్ దుకాణం. వాళ్లది దూదేకుల కుటుంబం. దూది ఏకి రజాయిలు, పరుపులు కుట్టేవాళ్లు. ఏకిన దూదిని దుకాణం ముందు అరుగు మీద కుప్పగా పోసేవాళ్లు. లోపల చాయ్ కోసం ఒక చిన్న గ్యాస్ పొయ్యి. పైన చెక్క అటక.

ఒక మధ్యాహ్నం గోదాంలో స్విచ్ బోర్డు నుంచి మంటలు లేచాయి. ఆ సంగతి ఎవరూ కాదనలేదు. కాసేపటికి ఎదుటి దూది దుకాణం కూడా అంటుకుంది. ఖాసిం భాయ్ అప్పుడు నమాజుకు వెళ్లాడు. అతని తమ్ముడు రహీం అటక మీద పడుకుని ఉన్నాడు. అగ్నిమాపక బండి సందులోకి పట్టలేదు. ఖాసిం భాయ్ పరుగెత్తుకొచ్చి మంటల్లోకి చేతులు పెట్టాడు. చేతులు కాలాయి కానీ తమ్ముడు దక్కలేదు.

దుకాణం ఎలా అంటుకుంది అన్నదే తేలాల్సింది. గోదాం వేడికి అంటుకుంటే ఆ చావు గోదాం వాళ్ల బాధ్యత. లేకపోతే ఖాసిం భాయ్ పొయ్యి ఆర్పకుండా వెళ్లినట్టు, అతని తమ్ముడు అతని మరుపు వల్ల చనిపోయినట్టు. పొయ్యి దొరికింది. దాన్ని వెలిగించి ఆర్పే చెవి కరిగిపోయింది. ఆర్పి ఉందో వెలుగుతూ ఉందో ఎవరూ చెప్పలేరు. గోదాం యజమాని తరఫు వకీలు మా సంస్థకు వచ్చాడు.

నేను సందుకు వెళ్లి కొలతలు తీసుకున్నాను. సందు మొదట్లో పూలమ్మే లక్ష్మమ్మ అనే ఆమె తనంతట తానే నన్ను పిలిచింది.

"సార్, ఏం కొలుస్తున్నవ్? నన్నడుగు, నేను చెప్తా. ముందటి కుప్ప మీదికెల్లి పొగ లేసింది. లోపల మంట లేకుండె. నేను చూస్తనే ఉన్న, తెల్లటి కుప్ప గోధుమ రంగైంది, నల్లగైంది, బగ్గుమన్నది."

"లోపలి నుంచి మంట రాలేదా అమ్మా?"

"లోపల్నించి ఏడిది? గోదాం దిక్కున్న కుప్పనే అంటుకున్నది. నా మొకమే కాలిపోతున్నట్టుండె, దూది కాలదా?"

ఆమె మాట డైరీలో రాసుకున్నాను. ఎదుటి నుంచి వచ్చే వేడికి దూది అంటుకునే తీరును ఇంతకంటే బాగా ఏ పుస్తకమూ చెప్పదు. రిపోర్టులో మాత్రం, ప్రత్యక్ష సాక్షుల కథనాల్లో స్పష్టత లేదని రాశాను.

ఆఫీసుకు వచ్చి రెండుసార్లు లెక్క నడిపాను. వికిరణపు వంతు ఇచ్చి నడిపితే కొన్ని నిమిషాల్లోనే కుప్ప అంటుకునేంత వేడి చేరింది. ఆ వంతు ఇవ్వకుండా, గళ్ల సగటుతో ప్రోగ్రాంనే లెక్కగట్టుకోమంటే ఆ వేడి ఎప్పటికీ చేరలేదు. రెండూ రాఘవరావు గారికి చూపించాను.

"ఈ వంతు అంకె ఎక్కడిది?" అన్నారు.

"పాత ప్రయోగాల నుంచి సార్. ఫోమ్‌కు ఒకటి ఉంది, ప్లాస్టిక్‌కు ఒకటి ఉంది. గోదాంలో రెండూ కలిసి మండాయి కాబట్టి మధ్యలో తీసుకున్నాను."

"అంటే మీ అంచనా."

"అంచనానే సార్."

"రేపు కోర్టులో అడిగే మొదటి ప్రశ్న అదే. రెండో రన్‌లో మన చెయ్యి లేదు కదా, ప్రోగ్రాం తనంతట తాను చెప్పింది. అది పెట్టండి."

"మొదటిది అనుబంధంలో పెడదామా సార్?"

"అనుబంధం ఎవరూ చదవరు. చదివినవాడికి అర్థం కాదు. అర్థమైనవాడు మనల్ని నమ్మడు. ఒకటే పెట్టండి."

మన చెయ్యి లేదు అన్న ఆ మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. ఏ అంకెనూ ఇవ్వకపోవడం కూడా ఒక అంచనానే. మంట అల్లాడదు, సుడి తిరగదు, గడి నిండా ఒకే వేడితో నిలకడగా ఉంటుంది అని అంచనా. అలాంటి మంట లోకంలో ఎక్కడా లేదు. కొలిచిన అంకెను ఊహ అని పక్కకు పెట్టి, లేని మంటను శాస్త్రమని రిపోర్టులో పెట్టాను. నల్లటి పొగ కొంత వేడిని ఆపి ఉంటుందిలే, రెండు జవాబుల మధ్యలో ఎక్కడో నిజం ఉంటుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. మధ్యలో ఉంటే ఆ మాటే రాయాలి కదా. రాయలేదు.

రెండు రన్‌లు రెండు జవాబులు ఇస్తే, నాకు తెలియదన్నదే మీ జవాబు. అది రాయడానికి సిగ్గుపడకండి. నేను సిగ్గుపడ్డాను.

ఒక్క మాటలో

విషయం కోర్టు దాకా వెళ్లలేదు. పాతబస్తీలో చాలా తగవులు కోర్టు మెట్లు ఎక్కకముందే బస్తీ పెద్దల ముందుకు వస్తాయి. సందు చివర ఒక మేడ గదిలో కూర్చున్నారు. పెద్ద మనిషిని అందరూ హాజీ సాబ్ అనేవారు. ఖాసిం భాయ్ రెండు చేతులకూ కట్లతో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పరదా వెనక అతని తల్లి, రహీం భార్య హుస్సేన్‌బీ కూర్చున్నారు. వకీలు నన్ను పరిచయం చేస్తూ, సార్‌ది మాదన్నపేటే, మన పాతబస్తీ మనిషే అన్నాడు. ఆ మాటతో గదిలో మొహాలు మెత్తబడ్డాయి. నన్ను నమ్మడానికి వాళ్లకు అది చాలింది.

నేను రిపోర్టు చదవడం మొదలుపెట్టాను. హాజీ సాబ్ చెయ్యెత్తి ఆపాడు.

"ఇంజనీర్ సాబ్, గీ ఇంగ్లీషు మాకు సమజ్ కాదు. ఒక్క మాటల చెప్పుండ్రి. గోదాం మంట సందు దాటి దూదిని అంటువెట్టిందా, లేదా?"

"లేదు," అన్నాను.

తలుపు దగ్గర నిలబడ్డ లక్ష్మమ్మ, "నేను చూసిన గదా," అంది. "నువ్వు జర ఆగమ్మా, సాబ్ మాట్లాడుతుండు," అని ఎవరో ఆమెను ఆపారు.

ఖాసిం భాయ్ ముందుకు వచ్చాడు. "హాజీ సాబ్, పొయ్యి బంద్ చేసే పోయిన. చాయ్ దించిన, చెవి తిప్పిన. ఖుదా కసం."

"గట్లయితే ఇంజనీర్ సాబ్ ఝూట్ ఎందుకు చెప్తడు ఖాసిం? ఆయనకు నీతోని ఏం దుష్మనీ ఉన్నది?"

ఖాసిం భాయ్ నా వైపు చూశాడు. కోపం ఉంటుందనుకున్నాను, లేదు. లెక్క తప్పిన పిల్లవాడు పంతులు వైపు చూసినట్టు చూశాడు. తర్వాత కట్టు కట్టిన కుడిచెయ్యి వైపు చూసుకున్నాడు. పరదా వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. తల్లి లేచి, కొడుకు వైపు చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది. హుస్సేన్‌బీ ఆమె వెనకే వెళ్లింది.

గోదాం వాళ్లకు బాధ్యత లేదని తేలిపోయింది. వకీలు నాకు చెయ్యి కలిపాడు. చార్మినార్ వైపు నడుస్తుంటే నా మనసు తేలికగానే ఉంది. ఆ సంగతి దాచను.

లక్ష్మమ్మ మళ్లీ కనిపించింది

తర్వాత తొమ్మిదేళ్లు ఆ ఉద్యోగంలోనే ఉన్నాను. ఖాసిం భాయ్ ఏమయ్యాడో కనుక్కోలేదు. ఈ పనిలో అదొక సౌకర్యం. మనం లెక్కగట్టిన గదుల్లో మనుషులు ఉండరు. ఉన్నా గళ్లలో కనిపించరు.

ఉద్యోగం మానేశాక ఒకరోజు మాదన్నపేట కూరగాయల మార్కెట్‌లో బీరకాయలు ఏరుతుంటే, పూల గంప పక్కన కూర్చున్న ఆమె నన్ను తేరిపార చూసింది.

"నువ్వు గా కంప్యూటర్ సార్‌వే గదా?"

నేను గుర్తుపట్టాను. సందు మారి ఇటు వచ్చానంది. ఖాసిం భాయ్ ఎట్లా ఉన్నాడని అడిగాను. అడగకుండా ఉండలేక అడిగాను.

"ఇన్నేండ్లకు యాదికొచ్చిండా? జల్‌పల్లిల ఉంటుండు. ఆటోల దుకాణాలకు కోడిగుడ్ల ట్రేలేస్తడు. దూది ముట్టడు. ఇంట్ల ఆయన ఉంటే పొయ్యి ఎలిగియ్యరు, ఎలిగిస్తే లేసి బయటికి పోతడు. తల్లి సచ్చేదాక మాట్లాడలే ఆయనతోని. రహీం పెండ్లాం పక్క ఇంట్లనే ఉంటది, ఆమె గూడ మాట్లాడది. నెలనెలా సామాన్ గుమ్మంల పెట్టి పోతడు, ఆమె తీసుకుంటది. గంతే."

ఆమె మల్లెపూలు మూర కొలుస్తూనే అంది. "నా కండ్లు గుడ్డియన్నట్టు గదా ఆనాడు నా మాట పక్కకు పెట్టినవ్. నీ కంప్యూటర్‌కు ఏం కండ్లున్నయి సార్? అది సందుల నిలవడ్డదా? దాని మొకం కాలిందా?"

బీరకాయలు అక్కడే వదిలేసి వచ్చాను.

మళ్లీ లెక్క

పాత ఫైళ్లు నా దగ్గర ఉన్నాయి. ఇంట్లో కంప్యూటర్ మీద మళ్లీ నడిపాను. ఇప్పుడు గళ్లు చిన్నవి చేయగలను. వికిరణపు వంతును తక్కువలో తక్కువ పెట్టాను, ఎక్కువలో ఎక్కువ పెట్టాను. పొగను చిక్కగా చేశాను, పలచగా చేశాను. వంతును అట్టడుగున పెట్టి పొగను మరీ చిక్కగా చేసిన ఒక్క రన్‌లో తప్ప, మిగతా అన్నింటిలోనూ దూది అంటుకుంది. అదీ ముందు వైపు నుంచే, లక్ష్మమ్మ చెప్పినట్టే.

రాఘవరావు గారికి ఫోన్ చేశాను. ఆయన కూడా రిటైర్ అయ్యారు. అంతా విని, "ఇప్పుడెందుకండీ ఇవన్నీ? ఆ గోదామే లేదు అక్కడ. మానిపోయినదాన్ని రేపడం ఎందుకు?" అన్నారు.

"మానలేదు సార్," అన్నాను. ఆయన ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి పెట్టేశారు.

నా రిపోర్టు తప్పని, రెండు జవాబుల్లో ఒకదాన్ని దాచానని ఉత్తరం రాసి పాత సంస్థకూ, ఆ వకీలుకూ పంపాను. ఆ దస్తావేజులు ఇప్పుడు తమ దగ్గర లేవని సంస్థ జవాబిచ్చింది. వకీలు జవాబివ్వలేదు. ఉత్తరాలు రాయడం తేలికే. జల్‌పల్లికి వెళ్లడానికి నాకు ఇంకో ఐదు నెలలు పట్టింది. రెండుసార్లు బస్సెక్కి, పహాడీషరీఫ్ రోడ్డు మీద దిగి, తిరిగి వచ్చేశాను.

జల్‌పల్లి

ఊరి శివార్లలో చిన్న చిన్న ప్లాట్ల కాలనీ. సగం ఇళ్లకు ఇంకా సున్నం పడలేదు. ఒక శుక్రవారం నమాజు అయ్యాక వెళ్లాను. ఖాసిం భాయ్ గుమ్మంలో కూర్చుని, పగిలిన గుడ్లను వేరే గిన్నెలోకి ఏరుతున్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. పేరు చెప్పాల్సిన అవసరం రాలేదు.

"రండి సార్, రండి. కూసోండ్రి." లోపలికి వెళ్లి కుర్చీ తెచ్చి, తువ్వాలతో తుడిచాడు. "చాయ్ హోటల్‌కెళ్లి తెప్పిస్త. ఇంట్ల నేనున్నప్పుడు పొయ్యి..." అని ఆపేశాడు.

"చాయ్ వద్దు ఖాసిం భాయ్. నేనొక మాట చెప్పనీకి వచ్చిన."

"చెప్పుండ్రి సార్. మీ మీద నాకేం లేదు. ఆనాడు మీరు ఉన్నదే చెప్పిండ్రు. మీరు చెప్పినంకనే నాకు ఎరుకైంది."

ఏం ఎరుకైందో ఆయనే చెప్పాడు.

"ముందుగాల నాకు మంచిగ యాదుండె సార్. చాయ్ దించిన, చెవి తిప్పిన. చేతికి యాదుండె. మీరు చెప్పినంక రోజూ సోచాయించేటోణ్ని. అంత పెద్ద చదువు చదివినాయన, కంప్యూటర్ల చూసినాయన తప్పు చెప్తడా అని. సోచాయించంగ సోచాయించంగ, యాద్ మారింది. ఇప్పుడు కండ్లు మూస్తే పొయ్యి ఎలుగుతనే కనవడ్తది. నేను బయటికి నడుస్తుంట, ఎనుక అది ఎలుగుతనే ఉంటది."

ఇరవై ఆరేళ్లలో నేను చాలా గదులను కంప్యూటర్‌లో కట్టాను. ఒక మనిషి తలలో ఒక పొయ్యి వెలిగించానని ఆ గుమ్మంలో తెలుసుకున్నాను.

అప్పుడు అంతా చెప్పాను. రెండు రన్‌ల సంగతి, ఒకటి దాచిన సంగతి, లక్ష్మమ్మ మాటను పక్కకు పెట్టిన సంగతి, ఇంట్లో మళ్లీ చేసిన లెక్క. ఆయన గిన్నె కింద పెట్టేసి విన్నాడు. నేను ముగించాక అడిగాడు.

"అంటే సార్, నేను బంద్ చేసినట్టేనా?"

అవునని చెప్పాలని నా ప్రాణం కొట్టుకుంది. ఒక్క మాటలో చెప్పడం నాకు అలవాటే. కానీ ఈసారి తెలిసినదాన్ని దాటి పోకూడదనుకున్నాను.

"మీరు బంద్ చేసిండ్రా లేదా అని నేను చెప్పలేను ఖాసిం భాయ్. అది చూసింది మీరొక్కరే. నేను చెప్పగలిగేది ఒకటే. గోదాం వేడి సందు దాటి మీ దూదిని అంటువెట్టేంత ఉండె. దాటలేదని చెప్పనీకి నా దగ్గర ఆధారం లేకుండె."

ఆయన తన కుడిచెయ్యి వైపు చూసుకున్నాడు. చర్మం ముడుచుకుపోయి ఉంది. బొటనవేలిని, చూపుడువేలిని కలిపి నెమ్మదిగా తిప్పాడు, ఆపాడు. మళ్లీ తిప్పాడు.

"నాకు కాదు సార్. ఆమెకు చెప్పుండ్రి," అన్నాడు.

పక్కింటి గుమ్మంలో హుస్సేన్‌బీ నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. తలమీద కొంగు సర్దుకుని రెండడుగులు ముందుకు వచ్చింది. బావ వైపు చూడలేదు, నా వైపే చూసింది.

"మా అత్త పోయి నాలుగేండ్లాయె. ఆమె కొడుకు సేతి నీళ్లు గూడ తాగలే ఆఖరుకు. ఆమెకు ఎవరు చెప్తరు?"

ఆమెకు చెప్పే వేళ దాటిపోయిందని ఒప్పుకున్నాను.

"ఆనాడు అందరి ముందర చెప్పిండ్రు," అంది ఆమె. "పెద్దమనుషులు కూసున్నరు, బస్తీ అంత ఇన్నది. ఇయ్యాల గుమ్మంల కూసోని గుసగుస చెప్తున్నరా? లేసి బయటికొచ్చి చెప్పుండ్రి. గట్టిగ చెప్పుండ్రి. గా మాట ఈడిదాక వచ్చింది, మా బావ ఈ గల్లీల గూడ పదేండ్లు తల దించుకోని నడిచిండు."

ఆమె నోట బావ అన్న మాట విని ఖాసిం భాయ్ తల ఎత్తాడు.

నేను లేచి సందులోకి వచ్చాను. మసీదు నుంచి తిరిగి వస్తున్నవాళ్లు, ఎదుటి ఇంటి మెట్ల మీద బియ్యం ఏరుతున్న ఆడవాళ్లు ఆగి చూశారు. గట్టిగా చెప్పాను.

"అందరు జర ఇనుండ్రి. నేను ఇంజనీర్‌ను. ఈయన తమ్ముడు రహీం మంటల్ల పోయిన కేసుల నేనే రిపోర్టు ఇచ్చిన. ఎదుటి గోదాం మంటకు ఈయన దుకాణం అంటుకోలేదు అని చెప్పిన. అది తప్పు. అంటుకునేంత వేడి వచ్చిందని నా దగ్గరనే ఇంకో లెక్క ఉండె. దాన్ని దాచిన. పొయ్యి బంద్ చేసి పోయిన అని ఈయన ఖుదా కసం తిని చెప్పిండు. ఆ మాట అబద్ధం అనేటందుకు నా దగ్గర ఏమీ లేకుండె, అయినా ఉన్నట్టు చెప్పిన. తల్లిని, కొడుకును ఎడబాపిన. ఖాసిం భాయ్, హుస్సేన్‌బీ అమ్మా, మాఫ్ చేయమని అడిగే ముఖం నాకు లేదు. ఆనాడు ఝూట్ చెప్పింది నేను. గీ మాట ఆనాడే చెప్పాల్సింది. చెప్పనందుకు మీ ఇద్దరి ముందర, మీ అందరి ముందర తల వంచుతున్న."